కొనుక్కున్న చక్రం

2025 మే నెలలో పాకిస్తాన్‌తో నాలుగు రోజుల పోరు జరిగినప్పుడు తెలుగు పత్రికల్లో ఒక మాట విరివిగా కనిపించింది: సుదర్శన చక్రం. రష్యా నుంచి కొన్న ఎస్‌-400 గగన రక్షణ వ్యవస్థకు మనవాళ్లు పెట్టుకున్న పేరు ‘సుదర్శన్’. శీర్షికలతో మొదలై అది పద్యాల్లోకీ, వచన కవితల్లోకీ పాకింది. నాకు అందినవి చదివాను. చాలావాటిలో విష్ణువున్నాడు, చక్రం ఉంది, శత్రువు శిరస్సు ఉంది. బేరం మాత్రం ఎక్కడా లేదు.

ఆ బేరం చిన్నది కాదు. 2018 అక్టోబరు 5న పుతిన్ ఢిల్లీలో ఉండగా సంతకాలయ్యాయి. అయిదు యూనిట్లు, 543 కోట్ల డాలర్లు. అంతకు ముందు సంవత్సరమే అమెరికా ఒక చట్టం చేసింది. రష్యా దగ్గర పెద్ద ఆయుధాలు కొన్నవారి మీద ఆంక్షలు పెడతామని దాని సారాంశం. ఇదే ఎస్‌-400 కొన్నందుకు చైనా సైనిక కొనుగోళ్ల విభాగంపై 2018లోనే ఆంక్షలు పడ్డాయి. నాటో సభ్యదేశమైన టర్కీని 2019లో ఎఫ్‌-35 విమానాల పథకం నుంచి బయటికి పంపారు, 2020 డిసెంబరులో ఆంక్షలూ వేశారు. మనమీద వేయలేదు. మన మీద ప్రేమతో కాదు, చైనాకు ఎదురుగా మనం అవసరం గనుక. డబ్బు డాలర్లలో కట్టడం కష్టమైంది. 2022లో ఉక్రెయిన్ యుద్ధం వచ్చి పడింది. 2023 నాటికి మూడు యూనిట్లు వచ్చాయి, తక్కిన రెండూ వెనకబడ్డాయి. కవిత్వానికి ఇందులో వస్తువు లేదనగలమా?

పేరు సంగతి చూద్దాం. మన కోలారు సీమలో హరికథలూ వీధి నాటకాలూ విని పెరిగినవాళ్లకు అంబరీషుని కథ కొత్త కాదు. భాగవతం నవమ స్కంధంలో ఉంది. విష్ణువు తన చక్రాన్ని అంబరీషుని రక్షణకు ఇచ్చాడు. దుర్వాసుడు కృత్యను పుట్టించి అతని మీదికి పంపితే చక్రం దాన్ని కాల్చి, మునిని తరుముకుంది. బ్రహ్మ కాపాడలేదు, శివుడు కాపాడలేదు. చివరికి విష్ణువు దగ్గరికి పోతే, ‘నా చేతిలో లేదు, వెళ్లి అంబరీషుణ్ణే అడుగు’ అన్నాడు. ఆయుధం ఇచ్చినవాడే దాని మీద అధికారం వదులుకున్న కథ ఇది. మాస్కో అలా వదులుకుందా? మరమ్మతుకూ, విడిభాగాలకూ, పేల్చిన క్షిపణి స్థానంలో కొత్తదానికీ మళ్లీ ఆ గుమ్మమే ఎక్కాలి. పేరు పెట్టినవారిని నేను తప్పు పట్టను, సైన్యానికి ఉత్సాహం కావాలి. పేరు అందుకున్న కవి మాత్రం కథ మొత్తం చదివి ఉండవలసింది.

‘కవచం’ అనే మాట వాడకం ఇంకా అజాగ్రత్తగా ఉంది. భారతంలో కవచం అనగానే గుర్తుకొచ్చేది కర్ణుడు. ఎర్రన పూరించిన అరణ్యపర్వ శేషంలో, పుట్టుకతో వచ్చిన కవచ కుండలాలు కోసి ఇచ్చి, ఇంద్రుడి దగ్గర శక్తిని పుచ్చుకున్నాడు. ఒక్కసారే వాడాలన్న షరతుతో. అర్జునుడి కోసం దాచుకున్నది ఘటోత్కచుడి మీద ఖర్చయిపోయింది. ఆయుధ వ్యాపారం గురించి దీనికంటే స్పష్టంగా ఏ వ్యాసకర్త రాశాడు? చేతిలో ఉన్న ఇలాంటి ఉపమానాన్ని వదిలేసి, ‘ఉక్కు కవచం’, ‘దుర్భేద్య కవచం’ అని విశేషణాలు పేర్చుకుంటూ పోతున్నారు.

రెండో పక్షం వారి సంగతీ చెప్పాలి. ప్రతి క్షిపణి వెనకా ఒక దళారీ, ప్రతి ఒప్పందం వెనకా సామ్రాజ్యవాదం అని రాసే కవితలు కూడా నాకు తృప్తినివ్వలేదు. విదేశీ యంత్రం కొనడమే పాపమైతే మన కె.జి.ఎఫ్.కు దీపమే వెలిగేది కాదు. 1902లో శివనసముద్రం నుంచి మన గనులకు కరెంటు వచ్చింది అమెరికా జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీ సామగ్రితోనే. కాని అదే నేల మీద జాన్ టేలర్ కంపెనీ తవ్విన బంగారం ఓడెక్కి ఇంగ్లండు పోయింది. ఈ రెండూ ఒకే ఊళ్లో జరిగాయి. రెండూ ఒకే కవితలో ఇమిడే రోజు కోసం చూస్తున్నాను.

ఊరి సంగతి వచ్చింది గనుక బెమెల్ గురించి ఒక మాట. 1986లో ఆ కంపెనీ చెకొస్లొవాకియాతో టాట్రా లారీల ఒప్పందం చేసుకుంది. పృథ్వి, పినాక, బ్రహ్మోస్ మోసేవి ఆ లారీలే. 1993లో ఆ దేశమే రెండుగా చీలిపోయింది. తర్వాత అసలు తయారీదారు దగ్గర కాకుండా లండన్ మధ్యవర్తి కంపెనీ ద్వారా కొంటున్నారన్న ఆరోపణపై 2012లో సి.బి.ఐ. కేసు పెట్టింది. అప్పుడే దేశమంతటికీ తెలిసిన మరో విషయం: ఇన్నేళ్లయినా చాలా లారీలకు స్టీరింగు ఎడమ వైపే ఉంది! మన రోడ్ల మీద, మన సైనికుడు, ఎడమ పక్కన కూర్చుని నడిపాడు. పరాయి సాంకేతికత అంటే ఏమిటో చెప్పడానికి నాకు ఇంతకంటే మంచి ప్రతీక దొరకలేదు. చిత్రమేమంటే బెమెల్ కర్మాగారం మన మధ్యనే ఉన్నా ఇది ఏ తెలుగు కథలోనూ నాకు కనబడలేదు.

సొంతంగా చేసుకున్న దాని కథ కూడా ఉంది. 1983లో మొదలైన క్షిపణి పథకంలో హైదరాబాదు డి.ఆర్.డి.ఎల్. చేపట్టిన ‘ఆకాశ్’ సైన్యం చేతికి రావడానికి పాతికేళ్లు దాటింది. అందులో వైఫల్యాలున్నాయి, ఎగతాళి ఉంది, మధ్యలో 1998 అణుపరీక్షల తర్వాతి ఆంక్షలున్నాయి. దాని దూరం సుమారు 25 కిలోమీటర్లు, ఎస్‌-400ది 400. ఈ తేడా దాచి గొప్పలు పోయే వ్యాసాలూ చదివాను. తేడా ఉంది కనకనే కొన్నాం. కొన్నాం కనకనే వాషింగ్టన్ ముఖం చూడవలసి వచ్చింది. 2025 మేలో ఆకాశ్ కూడా పనిచేసింది, కాని దాని మీద పద్యాలు నాకు ఒకటో రెండో దొరికాయి. దానికి పురాణం పేరు లేకపోవడమే కారణమేమో!

బెమెల్ నగర్‌లోనూ, ఊరుగాంలోనూ, బంగారుపేటలోనూ తెలుగు మాట్లాడే కార్మిక కుటుంబాలు ఉన్నాయి. ఆ లారీల పని తెలిసినవారు వాటిలో ఉంటే, ఆ ఎడమ చేతి స్టీరింగు మీద ఒక కథ రాసి ఈ పత్రికకు పంపమని నా మనవి. భాష గురించి బెంగ వద్దు. ఇంట్లో మాట్లాడే తెలుగులోనే, నడుమ కన్నడం మాటలు వస్తే రానిచ్చి, రాయండి.