చెరువును కాచు చేతులు

తెలంగాణ పల్లెలలో బెస్తలును ముదిరాజులును తరతరములుగా సాగించుచున్న చెరువు చేపలవేట, పదుగురి సొత్తును పదుగురును కాపాడుకొను ధర్మముతో పెనవేసుకొన్న వృత్తి. వానలకు చెరువు నిండగానే, కట్టుబాటుగల సహకార సంఘమువారు బొచ్చె, రవ్వు, బంగారుతీగ పిల్లలను నీట విడిచి, అవి ఎదుగువఱకు వంతులవారీగా కాపలా కాచి, సన్నకన్నుల వలలను వారించి, వేసవిలో నీరు తగ్గినపుడు అందరును కలిసి వల లాగి, రాబడిని సభ్యులెల్లరును పంచుకొందురు. ఏ దరి లోతెంతయో, ఏ మూలనున్న తుమ్మమోడు వలను చించునో, ఏ వేళ చేప ఎచట మేయునో వారికి కరతలామలకము. దూరమున నున్న కార్యాలయమునకు అందని ఈ జ్ఞానమే చెరువు పాలనకు మూలాధారము. రేపటి కొఱకు నేడు చేయి బిగబట్టుకొను వారి సంయమమును, తగవులను గట్టుమీదనే తీర్చుకొను వివేకమును మనసార నమస్కరింపఁదగినవి.