రాగి కాగుకు అర్థం చెప్పాలా?

స్టిల్ లైఫ్ బొమ్మ కనబడగానే విమర్శకుల్లో చాలామంది నిఘంటువు తీస్తారు. పుర్రె అంటే చావు, గడియారం అంటే కరిగిపోయే కాలం, ఆరిన దీపం అంటే తీరిన ఆయుష్షు. 17వ శతాబ్దపు డచ్చి చిత్రకారుల్లో కొందరి విషయంలో ఇది సబబే. వాళ్లు పుర్రెను బల్ల మీద పెట్టిందే ఆ మాట చెప్పడానికి. అదే నిఘంటువు పట్టుకుని పారిస్ చిత్రకారుడు షార్డాన్ (1699-1779) దగ్గరికి వెళ్తే మాత్రం పేజీలు తిప్పడమే మిగులుతుంది.

లూవ్ర్ మ్యూజియంలో ఉన్న ఆయన రాగి కాగు బొమ్మనే తీసుకుందాం. 1734 ప్రాంతంలో, అడుగు ఎత్తు కూడా లేని చెక్క పలక మీద వేశాడు. కొయ్య కాళ్ల మీద మూతపెట్టిన పెద్ద కాగు, దానికో కుళాయి, దగ్గర్లో బొక్కెన, కూజా. అంతే సరంజామా. ఆ రోజుల్లో పారిస్‌లో చాలా ఇళ్లకు నీళ్లు మోసుకొచ్చి పోసేవారు. అవి నిలవ ఉండేది ఇలాంటి కాగుల్లోనే. అది తెలిశాక ఈ బొమ్మలో మనిషి లేడని అనలేం. కుళాయి ఎంత కిందికి ఉందో చూస్తే చాలు, వంగి నీళ్లు పట్టే నడుము కనబడుతుంది. అలాంటి కాగు దగ్గరే నీళ్లు పట్టుకుంటున్న స్త్రీని ఆయన వేరే బొమ్మలో వేశాడు కూడా. వస్తువుకు అర్థం దాని వాడకంలోనే ఉందనీ, ఆ వాడకం చెరిగిపోకుండా చూపడమే వాస్తవిక చిత్రకారుడి పని అనీ నా వాదన.

ఉన్నది ఉన్నట్టు చూపడానికి ఫోన్ కెమెరా చాలదా అని అడగొచ్చు. షార్డాన్ చేసింది అచ్చు గుద్దడం కాదు. దగ్గరికెళ్తే అంతా అలుక్కుపోయినట్టుంటుందనీ, వెనక్కి జరిగితే వస్తువు మళ్లీ రూపు కడుతుందనీ 1763లోనే ఫ్రెంచి రచయిత, కళా విమర్శకుడు దిదెరో గమనించాడు. రాగి ఎరుపు ఒక్క రంగుతో రాదు. పక్కనున్న నీడ, మీద పడ్డ వెలుతురు కలిస్తేనే అది రాగి.

అంతకన్నా పాత అభ్యంతరం ఫ్రెంచి చిత్రకళా అకాడమీది. పురాణ, చరిత్ర ఘట్టాలకు పై మెట్టు, గిన్నెలకూ పళ్లకూ అట్టడుగు మెట్టు. 1728లో షార్డాన్‌ను చేర్చుకున్నదీ జంతువుల, పళ్ల చిత్రకారుడిగానే. కథ వేయాలంటే బుర్ర కావాలి, కూజాకు చెయ్యి చాలని వాళ్ల లెక్క. నాకది తలకిందుల లెక్కలా తోస్తుంది. రాజును ఎక్కడ నిలబెట్టాలో, ఎవరు ఎవరికి మొక్కాలో చిత్రకారుడికి కథే సగం చెప్పేస్తుంది. బొక్కెన కాగుకు ఎంత ఎడంగా ఉండాలో ఏ పురాణమూ చెప్పదు. అది షార్డాన్ ఒక్కడే తేల్చుకోవాలి.