నగను తిరగేసి చూడండి

బుట్టకమ్మ పనితనం తెలియాలంటే దాన్ని చెవికి పెట్టి చూసి లాభం లేదు, బోర్లించి లోపలికి చూడాలి. పైకి అందంగా ఉండటం ఏ నగకైనా తప్పదు. అచ్చులో పోసినదీ ఆ పరీక్ష నెగ్గుతుంది. లోపలివైపు అలా కాదు. అతుకు దగ్గర టంకం ముద్దకట్టిందా, సన్నగా పారి ఆగిందా? తీగ కొన గుచ్చుకుంటోందా, నున్నగా రాసి ఉందా? ఎవరూ చూడని చోట కూడా ఆకురాయి ఆడిందంటే, ఆ చేతికి మంచి గురువు దొరికాడన్నమాట.

అమ్మమ్మ మెడలో అరిగి సన్నబడ్డ గొలుసు, జత పోయిన ఒంటి కమ్మ, పిల్లకు బిగుతైన ఉంగరం. ఇలాంటివి నాలుగు పోగయితే మూటగట్టి కంసాలి దగ్గరికి తీసుకెళ్లడం మన ఇళ్లలో పాత అలవాటు. ‘నైతిక ఆభరణం’ అని పేరుపెట్టి ఈ రోజుల్లో చాలా దేశాలవాళ్లు వెతుకుతున్నది ఇంచుమించు దీన్నే. ఎందుకు వెతుకుతున్నారో గని దగ్గరికి వెళ్తే తెలుస్తుంది. చిన్నచిన్న గనుల్లో రాతిని పొడిచేసి, పాదరసం కలిపి, బంగారం పట్టుకున్న ఆ ముద్దను నిప్పు మీద కాలుస్తారు. పాదరసం పొగై పోతుంది, బంగారం మిగులుతుంది. మనుషుల వల్ల గాలిలో చేరుతున్న పాదరసంలో దాదాపు 38 శాతం ఈ పని నుంచే వస్తోందని ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగం 2018 నివేదిక లెక్కగట్టింది. మన పొరుగున కోలారు గనులు 2001లో మూతపడ్డాయి గానీ, సయనైడుతో కడిగి పారబోసిన మట్టిగుట్టలు ఇంకా అక్కడే ఉన్నాయి. ఇక వజ్రాల సంగతి చెప్పాలంటే, కృష్ణ ఒడ్డున కొల్లూరు గనిలో పిల్లాపాపలతో సహా అరవై వేల మంది పనిచేస్తున్నారని 17వ శతాబ్దంలోనే ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే రాశాడు. గోల్కొండ వజ్రాల తళుకు గురించి గర్వంగా చెప్పుకునేటప్పుడు ఆ అరవై వేల మంది మనకు గుర్తుకు రారు.

గని దగ్గరే పద్ధతి మార్చే ప్రయత్నాలూ జరుగుతున్నాయి. కొలంబియా కేంద్రంగా పనిచేసే ఒక సంస్థ ‘ఫెయిర్‌మైన్డ్’ ముద్ర ఇస్తోంది: చిన్న గనివాళ్లకు న్యాయమైన ధర, పాదరసం మీద అదుపు, బాలకార్మికులు లేకపోవడం దాని షరతులు. నోబెల్ శాంతి పతకం, కేన్స్ చిత్రోత్సవంలో ఇచ్చే బంగారు తాటాకు ఇప్పుడు ఆ బంగారంతోనే తయారవుతున్నాయి. మన బజార్లలో ఆ ముద్ర గురించి అడిగితే దుకాణదారు తెల్లమొహం వేసే అవకాశమే ఎక్కువ. మనకు దగ్గర దారి వేరే ఉంది. భారతీయుల ఇళ్లలో ఉన్న బంగారం సుమారు 25,000 టన్నులని ప్రపంచ స్వర్ణ మండలి అంచనా. ప్రపంచంలోని గనులన్నీ కలిసి ఏడాదికి తవ్వితీసేది మూడున్నర వేల టన్నుల పైచిలుకు. అంటే ఆరేడేళ్ల తవ్వకం మన బీరువాల్లోనే ఉంది.

ఆ బీరువాలోని తునకలు బుట్టకమ్మలుగా మారే తీరు చూడండి. ముందు రాళ్లూ లక్కా విడదీస్తారు. ఒక్కో తునకనూ నల్లటి ఒరగల్లు మీద గీసి, పక్కనే మేలిమి తెలిసిన కడ్డీతో ఇంకో గీత గీసి, రెంటి మీదా ఆమ్లం చుక్క వేస్తారు. ఏ గీత ఎంత తొందరగా వెలిసిందన్నదే తీర్పు. ఈ రోజుల్లో యంత్రం నిమిషంలో శాతాలు చెప్పేస్తోంది, అయినా పాతకాలపు కంసాలి రాయి మీద గీసి చూసుకుంటేగానీ సుత్తి పట్టడు. తర్వాత మూసలో వేసి, వెలిగారం చల్లి కరిగిస్తారు. బంగారం కరగడానికి 1064 డిగ్రీల వేడి కావాలి. వెలిగారం మురికినంతా గాజులా పైకి లాక్కుంటుంది, కింద లోహం అద్దంలా నిలుస్తుంది. ఆ లోహంలో ఏ మూలనో రవ్వంత సీసం మిగిలిందంటే, చల్లారాక మొదటి సుత్తి దెబ్బకే బీటలిస్తుంది. అప్పుడు మళ్లీ శుద్ధికి వెళ్లాలి. పూర్వం వెండిని వేరుచేసే శుద్ధికైతే పుటం పెట్టేవారు. బంగారాన్ని పలుచటి రేకులుగా కొట్టి, ఉప్పూ ఇటుకపొడీ మధ్య పేర్చి, కరగనంత వేడిలో గంటల తరబడి ఉంచితే అందులోని వెండి విడిపోతుంది.

కడ్డీ తీగ కావాలంటే కమ్మచ్చు ఎక్కాలి. ఉక్కు పలకకు వరుసగా రంధ్రాలు, ఒకదానికంటే ఒకటి సన్నం. కడ్డీ కొసను రాసి మొదటి రంధ్రంలోంచి పట్టకారుతో లాగడం, ఆ తర్వాత దానికంటే సన్నదాంట్లోంచి. నాలుగైదు రంధ్రాలు దాటేసరికి బంగారం మొండికేస్తుంది. మొండికేసినదాన్ని బలవంతంగా లాగితే తెగుతుంది. ఎర్రగా కాల్చి చల్లార్చితే మళ్లీ మెత్తబడుతుంది. ఎప్పుడు కాల్చాలో గడియారం చెప్పదు, లాగే భుజం చెబుతుంది. వెంట్రుకంత సన్నబడ్డ తీగలు రెండింటిని మెలిపెట్టి, చదును చేసి, ఆ జంట తీగతో చుట్లు చుట్టి జాలీ నింపుతారు. కరీంనగర్ కళాకారులు ఇదే విద్యను వెండిలో ఎంత దూరం తీసుకెళ్లారో మనకు తెలుసు. ఆ పనికి 2007లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది.

నాకు అన్నిటికంటే ముచ్చటగొలిపేది బుట్ట అంచున ఉండే సన్నగుండ్ల వరుస. ఆవగింజలో సగమైనా లేని ఆ గుండ్లను ఎవరూ చెక్కరు. తీగను సన్నని తునకలుగా కత్తిరించి, బొగ్గుపొడిలో ఒకదానికొకటి తగలకుండా పరిచి వేడిచేస్తే, ప్రతి తునకా కరిగి తనంతట తనే గుండ్రమవుతుంది. జల్లెడ పట్టి సమానమైనవి ఏరుకోవడమే మిగిలిన పని. అసలు కష్టం వాటిని అంచున నిలబెట్టడం. టంకం వేసేలోపు ఊపిరి తగిలినా దొర్లిపోతాయి. అందుకు పాతవాళ్లు వాడిన జిగురు గురివింద గింజది. గింజను సానరాయి మీద నీటితో అరగదీసి, ఆ గంధంతో గుండ్లను అంటిస్తారు. త్రాసులో తూకపురాయిగా కూర్చున్న గింజే పని మధ్యలో జిగురవుతుంది, నిప్పు తగలగానే మాడి మాయమవుతుంది. బజారులో కొనే ఏ రసాయనమూ ఇంత శుభ్రంగా తప్పుకోదు.

అప్పుడు ఊదుగొట్టం. దీపం మంటను గొట్టంతో ఊది, సూదిమొనలా అతుకు మీదికి తిప్పాలి. మధ్యలో ఊపిరి కోసం ఆగితే మంట వణుకుతుంది, టంకం సగంలో గడ్డకడుతుంది. అందుకే బుగ్గల్లోని గాలితో ఊదుతూ ముక్కుతో గాలి పీలుస్తారు, నాదస్వరం వాయించేవారిలాగే. టంకం తళుక్కున మెరిసి పారిన క్షణాన మంట తీసేయాలి. ఒక్క లిప్త ఆలస్యమైతే వారం రోజుల జాలీ ముద్దవుతుంది. ఇప్పుడు చాలామంది గ్యాసు మంట వాడుతున్నారు, ఊపిరితిత్తులకు అదే మేలు. ఊదుగొట్టం మీద నాకున్న మోజు కోసం ఎవరూ దగ్గుతూ బతకనక్కర్లేదు.

టంకం గురించి ఇంకో మాట చెప్పాలి. అతుకు బంగారం నగ కంటే తక్కువ వేడికే కరగాలి, లేకపోతే నగే కరుగుతుంది. పూర్వం అందుకోసం రాగి, వెండి ఎక్కువ కలిపేవారు. నగ కరిగించినప్పుడు ఆ మేరకు మేలిమి పడిపోయేది. దానికి విరుగుడుగా కాడ్మియం వచ్చింది. మనం గొప్పగా చెప్పుకున్న ‘కేడీఎం నగ’ అదే. కొన్నవారికి మేలిమి దక్కింది, అతుకు వేసినవారికి ఆ పొగ ఊపిరితిత్తుల్లోకీ మూత్రపిండాల్లోకీ పోయింది. ఇప్పుడు జింకు, ఇండియం లాంటివి కలిపిన టంకాలు ఉన్నాయి, హాల్‌మార్కు నిబంధనలు కాడ్మియాన్ని ఒప్పుకోవు. అయినా ‘కేడీఎం’ అన్న మాటను మేలిమికి గుర్తుగా వాడే దుకాణాలు ఇంకా ఉన్నాయి. ఎవరైనా అలా అంటే, లోపల ఏ టంకం వేశారని తిరిగి అడగాలి.

పని పూర్తయ్యాక చింతపండు రసంలో ఉడికించి, కుంకుడు నురగతో ఇత్తడి కుంచె పట్టి తోముతారు. పని జరిగిన చోట దులిపిన ధూళి, ఆకురాయి పొట్టు, కుంపటి బూడిద, చేతులు కడిగిన నీటి అడుగున చేరిన మడ్డి, ఏదీ చెత్తబుట్టకు పోదు. కంసాలి వీధుల్లో ఈ మట్టిని కొని, కడిగి, అందులోంచి కూడా బంగారం తీసి బతికే జలగడుగువాళ్లు ఒకప్పుడు ప్రతి పట్టణంలో కనిపించేవారు. వాళ్ల పనిని మురికి పనిగానే చూశాం, నిజానికి అది ఈ విద్యలో చివరి మెట్టు.

ఇదంతా చెప్పి, కరిగించిన పాత బంగారమంటే పాపం లేని బంగారమని మాత్రం అనను. ఇరుకు సందుల్లో నత్రికామ్లంతో శుద్ధి చేసేవారి గదిలో గోధుమరంగు పొగ ఎలా కమ్ముతుందో ఒకసారి చూస్తే ఆ మాట నోట రాదు. నిన్న గనిలోంచి వచ్చినదాన్ని ఇవాళ ఒకసారి కరిగించి ‘రీసైకిల్డ్’ అని అమ్మడం కూడా కష్టమేమీ కాదు. బంగారం పుట్టుక దాని ముఖం మీద రాసి ఉండదు. మీ గొలుసు మీ కళ్లముందే కరిగి మీ కమ్మ అయితే మాత్రం ఆ అనుమానానికి చోటు లేదు.

ఈ విద్య నిలవడం తేలిగ్గా జరగలేదు. 1963లో వచ్చిన స్వర్ణ నియంత్రణ నిబంధనలు 14 కారట్లకు మించిన నగ చేయడాన్నే నిషేధించాయి. దేశమంతటా కంసాలి కుటుంబాలు వీధిన పడ్డాయి, ఆత్మహత్యలు జరిగాయి. 1968 నాటి స్వర్ణ నియంత్రణ చట్టం 1990లో గానీ రద్దు కాలేదు. అది పోయాక అచ్చు నగలూ, గొలుసులల్లే యంత్రాలూ, పెద్ద షోరూములూ వచ్చిపడ్డాయి. ప్రొద్దుటూరులో, నెల్లూరులో, సికింద్రాబాద్ పాట్ మార్కెట్‌లో బజార్లు కళకళలాడుతూనే ఉన్నాయి. కౌంటరు వెనక గదిలో కుంపటి ముందు కూర్చునే మనిషి పేరు బిల్లు మీద మాత్రం ఉండదు.

కాబట్టి ఈసారి నగ చేయించుకోవాలనుకుంటే ముందు బీరువా తెరిచి చూడండి. రాళ్లూ లక్కా తీసేసిన తర్వాతే తూకం వేయించండి, కరిగించేటప్పుడు పక్కనే నిలబడండి, ఏ టంకం వాడతారో అడగండి. పూర్తయిన కమ్మను బోర్లించి చూశాక, వీలైతే హాల్‌మార్కు కేంద్రంలో 916 మేలిమిని నిర్ధారించుకోండి. తరుగు ఎంత వేశారో గట్టిగా లెక్క అడగండి. మజూరీ దగ్గర మాత్రం బేరమాడకండి.