మేఘాలకు మూడవ కొలత

మన పాఠ్యపుస్తకాలలో మేఘాల పట్టిక ఒకటి తప్పక ఉంటుంది. కుప్పమేఘం ఇంత ఎత్తున, ఈకమేఘం అంతకు పైన అని అంకెలు వరుసగా కనిపిస్తాయి. ఆ ఎత్తు ఎవరు, ఎట్లా కొలిచారన్నది మాత్రం ఉండదు. కోఠిలోని పాత పుస్తకాల దుకాణాలలో తిరగవేసిన పుస్తకాలలోనూ నాకు ఇదే లోపం కనిపించింది. విద్యార్థి అంకెను బట్టీ పడతాడు. త్రికోణమితి వేరొక గంటలో చదువుతాడు.

ఆ రెండూ కలిసిన చోటు స్వీడనులోని ఉప్సాలా. 1884-85లో ఎక్‌హోల్మ్, హాగ్‌స్ట్రోమ్ రెండు చోట్ల థియొడొలైట్లు నిలిపి, టెలిఫోనులో మాట్లాడుకుంటూ, ఒకే మేఘపు అంచును ఒకే క్షణాన చూచి కోణాలు కొలిచారు. కోఠిలో ఒకరు, నారాయణగూడలో ఒకరు నిలిచి చేసినట్లే అనుకోండి. భుజమూ రెండు కోణాలూ తెలిస్తే త్రిభుజం తెలిసినట్లే గదా!

ఇప్పుడు ఆ పనిని కెమెరాలు చేస్తున్నాయి. అమెరికాలోని ఓక్లహామాలో రాంప్స్, ఓక్టెం అనే శాస్త్రజ్ఞులు ఆరు కెమెరాలను జంటలుగా, ఒక ప్రదేశం చుట్టూ అమర్చారు. జంటలోని కెమెరాల ఎడం సుమారు అర కిలోమీటరు. 20 సెకన్లకొకసారి, 50 మీటర్ల గళ్లలో మేఘపు ఆకారం తయారవుతుంది. 2009లో పుణె ఉష్ణమండల వాతావరణ సంస్థవారి పరిశోధన విమానం హైదరాబాదు నుండి కూడ ఎగిరి మేఘాలలో దూరింది. కాని విమానానికి తాను పోయిన గీత మాత్రమే తెలుస్తుంది. మేఘం పెరిగే తీరు చూడడానికి కెమెరాయే మేలు.

అయినా మూడు కొలతల పటం అన్న పేరు కొంచెం పెద్దదే. కెమెరా చూచేది మేఘపు చర్మాన్ని. లోపల ఉన్నది మన ఊహ. కోణంలో 1 నిమిషం పొరపాటు వస్తే, ఎడం 500 మీటర్లయినప్పుడు, 6 కిలోమీటర్ల దూరాన 21 మీటర్ల తప్పు వస్తుంది. 12 కిలోమీటర్ల దూరాన 84 మీటర్లు. రాత్రి పని లేదు. అన్నిటికంటె పెద్ద చిక్కు మనదే: శ్రావణమాసపు ముసురులో ఆకాశమంతా ఒకే బూడిదరంగు. రెండు చిత్రాలలోనూ గుర్తుపట్టదగిన అంచే లేకపోతే దేనిని దేనితో జతచేయడం? మనకు వాన తెచ్చే మేఘాలలో చాలవాటిని ఈ పద్ధతి చూడలేదు. దాని గుణగానం చేసేవారు ఈ సంగతిని మొదటి పుటలోనే చెప్పవలసింది.

బడిలో చేయదలచిన ఉపాధ్యాయులకు ఒక మాట. రెండు కిలోమీటర్ల దూరపు మేఘానికి వంద మీటర్ల ఎడం చాలదు. ప్రొట్రాక్టరు 1 డిగ్రీ తప్పితే దూరం మూడవ వంతు తప్పుతుంది. కిలోమీటరు ఎడంగల రెండు మేడలు వెదకండి. అప్పుడు ఆ తప్పు ఇరవయ్యవ వంతుకు లోపే.