అమరావతీశిల్పములు: నామవిచారము

అమరావతీ మహాచైత్యమునుండి 1859లో లండనునకుఁ బంపఁబడిన శిల్పఫలకములకు 'ఇలియట్ మార్బుల్సు' అను పేరు కలిగినది. కొన్ని గ్రంథములందు నేఁటికి నిదియే కానవచ్చుచున్నది. వస్తుప్రదర్శనశాలలలోఁ బట్టిక వ్రాయువారు పేరును స్వల్పవిషయముగాఁ దలఁపరాదు. పట్టికలో వస్తువునకుఁ బేరే రూపము. ఈ రెండుపదముల సమాసములో రెండును సదోషములే.

ముందుగా నుత్తరపదము. మార్బులనఁగాఁ జలువఱాయి. అమరావతీఫలకములు చలువఱాళ్లు గావు, పలనాటిసీమలో దొరకు సున్నపుఱాళ్లు. ఇది వ్యర్థవాదమని కొందఱందురేమో. మదరాసు మ్యూజియములో 19వ శతాబ్దాంతమున ననేకఫలకములను గోడలకుఁ జేర్చి సిమెంటుతోఁ బొదిగిరి. తేమయు లవణములును జేరి కలిగించిన చేటును మాన్ప రసాయనజ్ఞులు పిమ్మట శ్రమింపవలసివచ్చెను. ఱాతిజాతి నెఱుఁగుట రక్షణకు మొదటి మెట్టు. ఇరువైపులఁ జెక్కిన ఫలకములును గలవు; గోడ కంటింపఁబడినదానికి వెనుకవైపు లేనట్లే.

ఇంకఁ బూర్వపదము. శిల్పములు ఇలియట్టువి యన్నప్పుడు షష్ఠి యే సంబంధమును దెలుపుచున్నది? వాల్టరు ఇలియట్టు చెక్కలేదు, చెక్కింపలేదు, చైత్యమునకు నొసఁగలేదు. 1845లోఁ ద్రవ్వించి మదరాసునకుఁ బంపించెను. అది యుపకారము గాదనుట న్యాయము గాదు. అంతకుముందే వాసిరెడ్డి వేంకటాద్రినాయని కాలమున నచటి ఱాళ్లు కట్టడములకుఁ బోయినవి; సున్నమునకై కాల్చినవియుఁ గలవు. అయినను మదరాసులో నా ఫలకము లెండకును వానకును గుఱియై యేండ్లు పడియుండెను. పిదప లండనులో బండ్లసావడిలో నుండఁగా ఫెర్గుసను కంటఁ బడెను. బ్రిటిషు మ్యూజియమునకుఁ జేరినది 1880లోఁ గాని కాదు. ఇన్ని చేతులు మాఱినవానికి నొక్కని పేరు పెట్టుట సంబంధసామాన్యషష్ఠికిని మించిన యుదారత!

నిజమైన షష్ఠి ఱాతిమీఁదనే యున్నది. బ్రాహ్మీలిపిలోఁ బ్రాకృతమున దాతపేరు షష్ఠ్యంతముగాఁ జెక్కి 'దానం' అనియో 'దేయధమ' అనియో వ్రాసిరి. భిక్షుణులు, గృహిణులు, వర్తకులు నిట్లు పేర్కొనఁబడిరి. నాగుఁడను నుపాధ్యాయుని కొడుకైన విధికుఁడను చర్మకారుఁడు పూర్ణఘటఫలకము నొసఁగెను. తల్లి, భార్య, సోదరులు, బిడ్డలు 'సహ'శబ్దముతోడి సమాసములై విధికుని విశేషించి యా షష్ఠినే యనుసరించిరి. వ్యాకరణమున కింతకన్న గౌరవమేమి? ఈ షష్ఠిని విడిచి త్రవ్వించినవాని షష్ఠిని గ్రహించుట దాతృలోపము.

1942లో మదరాసు మ్యూజియము ప్రకటించిన శివరామమూర్తిగారి గ్రంథము శాసనములను జేర్చి యీ లోపమును జాలవఱకుఁ దీర్చినది. 1992లో వెలువడిన రాబర్టు నాక్సుగారి గ్రంథమును నమరావతీనామమునే ధరించినది. అయినను జూడవచ్చినవాఁడు చదువునది గ్రంథము గాదు, ఫలకము ప్రక్కనుండు చీటి. శాసనమున్నచోట దాతపేరు మొదటిపంక్తిలోను, త్రవ్వించినవారి పేరును, చేరిన సంవత్సరమును, పట్టికసంఖ్యయు దానిక్రిందను నుండవలయును. ఒకే చైత్యపు శకలములు మదరాసులో, లండనులో, అమరావతిలో వేఱువేఱు సంఖ్యలతో నున్నవి. ఆ సంఖ్యలను జైత్యముననున్న స్థానమును బట్టి యొక్కపట్టికలోఁ గూర్చుట మూఁడుచోట్లవారును గలసి చేయవలసిన పని.