ఆనపబుర్రలో గులకరాళ్లు

పెళ్లి మాటలకు ముందు అటేడు తరాలూ ఇటేడు తరాలూ చూడాలంటారు మన పెద్దలు. ఆ మాట వింటూ పెరిగినవాళ్లకే తెలుస్తుంది, అలెక్స్ హేలీ నవల ‘రూట్స్’ను తెలుగు చేసిన సహవాసి దానికి ‘ఏడు తరాలు’ అని పేరు పెట్టడంలో ఎంత సాహసం ఉందో. ‘వేళ్లు’ అన్నా అర్థం చెడేది కాదు. కానీ తరాల లెక్క చెప్పుకునే హక్కు ఎవరిదని మన ఊళ్లు అనుకుంటాయో వాళ్ల చేతుల్లోంచి తీసి, సంతలో అమ్ముడుపోయిన మనిషి చేతిలో పెట్టాడాయన. అట్ట మీదే విమర్శ మొదలైపోయింది.

కవిటి నుంచి చదువుకోడానికి పట్నం వెళ్లిన రోజుల్లో, హాస్టల్ గదిలో నాకీ పుస్తకం దొరికింది. హైదరాబాద్ బుక్ ట్రస్ట్ వేసిన ప్రతి. ఎన్ని చేతులు మారిందో, అట్ట అప్పటికే ఊడిపోయింది. ఒకడు పైకి చదివేవాడు, మిగతావాళ్లం మంచాల మీద పడుకుని వినేవాళ్లం. మా శ్రీకాకుళం ఉద్దానంలో మగపిల్లాణ్ణి ‘గుంటడు’ అంటాం. కథానాయకుడి పేరు కుంటా, కుంటా అని చదువుతుంటే మా చెవులకు అది గుంటడే. మాండింకా భాషలోని ఆ పేరుకూ మా మాటకూ చుట్టరికమేమీ లేదు. అయినా ఆ ఒక్క ధ్వనితో గాంబియా పిల్లవాడు మా పెరటి కొబ్బరిచెట్ల కిందకి వచ్చేశాడు.

జుఫూరే ఊళ్లో పుట్టిన ఎనిమిదో రోజున తండ్రి ఒమోరో ఆ బిడ్డ చెవిలో పేరు ఊదుతాడు. ఊరి కంటే ముందు, కన్నతల్లి కంటే ముందు, ఎవరి పేరు వాళ్లకే తెలియాలట. మన బారసాలలోనూ తండ్రి చెవిలో పేరు చెబుతాడు గానీ ఎందుకు చెబుతాడో నాకు ఈ పుస్తకం చదివాకే తట్టింది. ఆ కుర్రాడు డోలు చేసుకుందామని చెట్టు మాను కోసం అడవికి వెళ్లి బానిసల వేటగాళ్లకు దొరికిపోతాడు. ఆ డోలు తయారవనే లేదు. నవల అంతటా నాకు వినబడేది మోగని ఆ డోలే. అతన్ని తీసుకెళ్లిన బానిసల ఓడలో 140 మంది ఎక్కితే 1767లో అన్నాపొలిస్ రేవులో దిగినవాళ్లు 98 మంది.

కుంటాకు యజమాని ‘టోబీ’ అని పేరు మార్చే ఘట్టాన్నే అందరూ తలుచుకుంటారు. నాకు ఈ నవల శిఖరం అది కాదు. కుంటా ఒక ఆనపబుర్ర దాచుకుంటాడు. అమావాస్య వెళ్లి నెలవంక కనబడినప్పుడల్లా అందులో ఒక గులకరాయి వేస్తాడు. అదే అతని పంచాంగం, అతని వయసు. కూతురికి ‘కిజ్జీ’ అని పేరు పెడతాడు, కదలకుండా ఇక్కడే ఉండిపో అని ఆ మాటకు అర్థం. ఏరు కనబడితే ‘కాంబీ బొలాంగో’ అనీ, తీగలు మీటే వాయిద్యం కనబడితే ‘కో’ అనీ నేర్పుతాడు. ఉండిపొమ్మని పేరు పెట్టిన ఆ పిల్లనే యజమాని అమ్మేస్తాడు. కుంటా ఆమె పాదం గుర్తు పడిన మట్టిని దోసిట్లోకి ఎత్తుకుంటాడు. ఇంట్లోకి పరుగెడతాడు. ఆ తర్వాత ఆనపబుర్ర ఎత్తి నేలకేసి కొడతాడు. 55 వానాకాలాల గులకరాళ్లు నేలంతా చెదిరిపోతాయి.

హేలీ రచనాశక్తి అంతా ఆ తర్వాత చేసిన పనిలో ఉంది. కుంటాను అక్కడే వదిలేస్తాడు. కథ కిజ్జీ వెంట వెళ్లిపోతుంది. కుంటా ఎలా బతికాడో, ఎప్పుడు పోయాడో మనకు చెప్పడు. అమ్ముడుపోయిన బిడ్డకు తండ్రి సంగతి ఎంత తెలుస్తుందో పాఠకుడికీ అంతే తెలుస్తుంది. కరుణ రసాన్ని కన్నీళ్లతో కాదు, లేకుండా చేసిన పేజీలతో పండించాడు. కిజ్జీ దగ్గర మిగిలినవి ఆ నాలుగు మాటలే. మా యాసలోని ‘ఏటి’కీ ‘బేగి’కీ క్లాసులో నవ్వులు పడుతుంటే నోట్లోనే మింగేయడం నేర్చుకుంటున్న మాకు ఆ నాలుగు మాటలు ఎలా తగిలి ఉంటాయో చెప్పక్కర్లేదు.

చదవడం అయ్యాక తెల్లారేదాకా వాదన. ఇది చరిత్రా, కల్పనా? ‘ది ఆఫ్రికన్’ నవల రాసిన హెరాల్డ్ కోర్లాండర్, హేలీ అందులోంచి కాపీ కొట్టాడని వేసిన దావా 1978లో రాజీతో ముగిసింది. వంశవృక్షంలో అతుకులు ఉన్నాయని పరిశోధకులూ చూపించారు. ఆ లోపాల్ని నేను దాచను. అయినా ఆ గులకరాళ్ల చప్పుడుకు సాక్ష్యం నేను అడగలేను. ఇంకొకడు రంగం (బర్మా) వెళ్లిన కూలీల మాట ఎత్తాడు, మా తాతలూ ఓడలెక్కినవాళ్లే కదా అని. అప్పటిదాకా గోడకి ఆనుకుని కూర్చున్న మా దళిత మిత్రుడు అన్నాడు: “ఒరే, మీ తాత రంగం నుంచొచ్చి తోట కొన్నాడు. మా తాత ఆ తోటలోనే కూలి చేసాడు. బళ్లో మేస్టారు నా పేరు మార్చి రాసారు. టోబీ ఎవుడో నాను మీకు సెప్పాలా?” వాడు యాస దాచుకోకుండా క్లాసువాళ్ల ముందు మాట్లాడటం నేను వినడం అదే మొదలు.

ఇలా తమ మాట తాము అడిగినవాళ్లు అంతకు ముందూ ఉన్నారు. 1968 నవంబరులో అమెరికాలోని శాన్ ఫ్రాన్సిస్కో స్టేట్ కాలేజీలో నల్ల విద్యార్థులు మా చరిత్ర మాకు చెప్పండని సమ్మె కట్టారు. అదే నెల మా ఉద్దానంలో గరుడభద్ర రైతులు తిరగబడ్డారు. ఆ పోరాటంలోనే బొడ్డపాడు గుడి పూజారి సుబ్బారావు పాణిగ్రాహి చేతిలో జముకు మోగింది. ఒకరి సంగతి ఒకరికి తెలిసి ఉండదు. ‘ఏడు తరాలు’ వేసిన సంస్థే 2003లో గోగు శ్యామల సంపాదకత్వంలో దళిత స్త్రీల సాహిత్యాన్ని ‘నల్లపొద్దు’ పేరుతో తెచ్చింది. పెళ్లిచూపుల్లో లోపంగా లెక్కకట్టే రంగును పొద్దుకు పూసిన ఆ పేరు చూసి నాకు ఆ రాత్రి గోడకి ఆనుకున్న మనిషే కనిపించాడు.

2018 అక్టోబరులో తిత్లీ తుపాను వెళ్లిన మర్నాడు మా తోటంతా నేలమీద పడి ఉంది. పీచువేళ్లు ఆకాశం వైపు లేచి ఉన్నాయి. కరెంటు లేని ఆ రాత్రుల్లో, కాలేజీ నుంచి వచ్చిన మా అన్నకూతురు లాంతరు ముందు కూచుని ఈ పుస్తకమే చదివింది. ఆనపబుర్ర పగిలిన చోట ఆగింది. గబగబా పేజీలు తిప్పింది. మళ్లీ వెనక్కి తిప్పింది.

“బాబాయ్, కుంటా ఏడీ?”