పరుల పాట, తన పాట

ఒకరు రచించి పాడిన పాటను మరియొకరు పాడి రికార్డు చేసిన యెడల దానిని పాశ్చాత్యులు 'కవరు' అందురు. మనవారిలో అనేకులు ఈ మాటను కొంత చులుకనగా వాడుచుందురు. పరుల సొత్తుతో చేసిన వ్యాపారమని వారి భావము. కాని మన సభలలో జరుగుచున్నదేమి? త్యాగరాజకీర్తనను పాడు ప్రతి గాయకుడును పరుల పాటనే పాడుచున్నాడు గదా! కావున పాట ఎవరిదని గాక, పాడినవారు దానికేమి చేసిరని విచారింపవలెను.

క్రీస్తుశకము 9వ శతాబ్దమున కాశ్మీరమునందుండిన ఆనందవర్ధనుడు ధ్వన్యాలోకము తుది ఉద్ద్యోతమున, కవుల రచనల నడుమ కానవచ్చు పోలికను మూడు విధములుగా విభజించెను. అద్దములోని ప్రతిబింబము వంటిది మొదటిది. చిత్తరువు వంటిది రెండవది. ఒకరినొకరు పోలిన ఇద్దరు మనుష్యుల వంటిది మూడవది. మొదటి రెండును విడువదగినవి. మూడవదానికి స్వంత ప్రాణము కలదు గనుక గ్రాహ్యము. నాకు ప్రీతిపాత్రములైన మూడు రికార్డులను ఈ గీటురాతిపై ఒరసి చూచెదను.

మొదటిది పాప్ సంగీతమునకు చెందినది. అమెరికాలో ఓటిస్ రెడ్డింగు అను నల్లజాతి గాయకుడు 1965లో 'రెస్పెక్ట్' అను పాటను రచించి పాడెను. ఇల్లు చేరిన పురుషుడు భార్యను గౌరవము కోరుట అందలి విషయము. 1967లో అరెతా ఫ్రాంక్లిన్ ఆ పాటనే పాడినది. మాటలు కొలదిగానే మారినవి. కోరుచున్నది మాత్రము స్త్రీ. గౌరవమను అర్థముగల ఆ యాంగ్లపదమును అక్షరమక్షరముగా విడదీసి పలుకుట ఆమె చేర్చినదే. వెనుకనుండి ఆమె సోదరీమణులు గొంతు కలుపగా, ఒక్క ఇల్లాలి మొర గాక స్త్రీజనుల తీర్మానమువలె అది వినవచ్చును. అమెరికాలో సాధారణ రేడియోయందు పాట ప్రసారమైనపుడు ప్రతిఫలము రచయితకే గాని గాయకులకు ముట్టదు. చట్టమునకు అది రెడ్డింగు పాట. లోకమునకు ఆమె పాట.

రెండవది శాస్త్రీయము. జర్మను స్వరకర్త బాఖు 1741లో ప్రకటించిన 'గోల్డ్‌బెర్గ్ వేరియేషన్సు'లో ఒక గీతము, దానిపై 30 రూపాంతరములు, తుదకు మరల ఆ గీతమే కలవు. కెనడా దేశీయుడగు గ్లెన్ గూల్డు దీనిని 22 ఏండ్ల ప్రాయమున, 1955లో, పియానోపై వాయించి రికార్డు చేసెను. మరల 1981లో, మరణమునకు ముందటి యేడు, వాయించెను. మొదటిది సుమారు 38 నిమిషములు, రెండవది 51. కొన్ని భాగములను రెండు మారులు వాయించుట ఇందుకు కొంత కారణము. కాని తొలి గీతమే పూర్వము రెండు నిమిషములకు లోబడి ముగియగా, పిమ్మట మూడు నిమిషములు దాటినది. మొదటి రికార్డులో వ్రేళ్ల వేగము మనలను ఆశ్చర్యపరచును. రెండవదానిలో స్వరమునకును స్వరమునకును నడుమ నున్న మౌనము ఆలోచింపజేయును. వాయించుచు అతడు కూనిరాగము తీయుట కొందరికి రోతగా నుండవచ్చును. ఐనను తన్ను తానే అనుకరింప నిరాకరించిన కళాకారుడని అతనిని గౌరవింపవలెను.

మూడవది మన యింటిది. 1980 ప్రాంతమున తిరుమల తిరుపతి దేవస్థానముల పూనికతో ఎం.ఎస్. సుబ్బులక్ష్మి పాడిన బాలాజీ పంచరత్నమాల. అన్నమాచార్యుని రాగిరేకులపై రాగముల పేర్లున్నవి గాని స్వరములు లేవు. నేడు మనము వినుచున్న వరుసలలో అనేకము ఇటీవలి విద్వాంసులు కూర్చినవి. 'నానాటి బతుకు'ను రేవతి రాగమున కూర్చినవారు నేదునూరి కృష్ణమూర్తిగారు. తమిళము మాతృభాషగా గల ఆమె తెలుగు పలుకును ఎంత శ్రద్ధతో పలికినదో వినిన, మన యుచ్చారణమునకు మనమే సిగ్గుపడవలసియుండును. లోపమొకటి కలదు. అన్నమయ్య కీర్తనలలో శృంగారమే సంఖ్యకు అధికము. ఈ సంపుటమున భక్తివైరాగ్యములదే పైచేయి. కవి నవ్వు ఇందు తక్కువగా వినబడును.

అసలు చిక్కు ఈ రికార్డులలో లేదు, మనలో నున్నది. ఇంట బాలిక పాట నేర్చునపుడు రికార్డులోని ఊపిరిని సైతము అనుకరింపుమని తల్లిదండ్రులు నిర్బంధింతురు. టెలివిజను పోటీలలో "అచ్చము ఆమెవలెనే పాడినావమ్మా!" అను మాటయే పరమప్రశంస. ఇది ఆనందవర్ధనుడు విడువుమన్న ప్రతిబింబము గాక మరేమి? అరెతా ఆనాడు రెడ్డింగువలెనే పాడియుండిన, ఆ పాట పురుషుని కోరికగనే నిలిచియుండెడిది. మన బాలికలకు శ్రుతిలయలను నిష్ఠతో నేర్పుదము. వానిని సాధించిన పిమ్మట, ఈ పాటలో నీవు చెప్పదలచినదేమని అడుగుదము. ఆ ప్రశ్న అడుగని యింట రికార్డులెన్ని యున్నను సంగీతము లేదు.